నెహెమ్యా ముట్టని భోజనం (నెహెమ్యా 5వ అధ్యాయం)

 

ఈ వారం వీడియోలో నెహెమ్యా 5వ అధ్యాయాన్ని పైపైన మాత్రమే చెప్పగలిగాను. రెండు విషయాలు వదిలేశాను. ఒకటి టైమ్ చాలక. రెండోది, నిజం చెప్పాలంటే, కెమెరా ముందు చెప్పే ధైర్యం చాలక. రెండూ ఇక్కడ రాస్తున్నాను. దయచేసి బైబిల్ తెరిచి పక్కన పెట్టుకోండి. మొదటి వచనం నుంచి చివరి వచనం వరకు ఒక్కసారి చదివి రండి, 19 వచనాలే.

చదివారా? ఇప్పుడు చూద్దాం.

నెహెమ్యా అనగానే మనకు గోడ గుర్తొస్తుంది. 52 దినాల్లో గోడ పూర్తయింది (6:15). నాయకత్వం మీద ఎవరు మాట్లాడినా ఆ 52 అంకె పట్టుకుంటారు. మా ఆఫీసులో ప్రాజెక్టు ప్లానింగ్ మీద క్లాసు చెప్పిన ఒకాయన కూడా నెహెమ్యా పేరు ఎత్తారు! పని పంచడం, గడువు పెట్టుకోవడం, శత్రువులను ఎదుర్కోవడం, అన్నీ ఉన్నాయి నిజమే. కానీ 4వ అధ్యాయానికీ 6వ అధ్యాయానికీ మధ్య, గోడ సగంలో ఉండగా, ఈ 5వ అధ్యాయం వస్తుంది. ఇందులో ఒక్క రాయి కూడా పైకి లేవదు. ఇందులో ఉన్నది ఏడుపు.

ఎవరి ఏడుపు? సన్బల్లటు వల్లో టోబీయా వల్లో వచ్చిన ఏడుపు కాదు. జనులూ వాళ్ల భార్యలూ తమ సొంత సహోదరుల మీద మొరపెట్టారు. భార్యలు అని ప్రత్యేకంగా రాయడం గమనించండి. ఇంట్లో బియ్యం డబ్బా ఖాళీ అయ్యిందని ముందుగా తెలిసేది ఆవిడకే కదా. వాళ్ల మాటలు మూడు రకాలుగా ఉన్నాయి. కొందరు, మేమూ మా పిల్లలూ చాలామందిమి, తిని బతకడానికి ధాన్యం కావాలి అన్నారు. కొందరు, కరువులో తిండి కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామన్నారు. ఇంకొందరు, రాజుగారి పన్ను కట్టడానికి అప్పు చేశామన్నారు. చివరికి పిల్లలను దాసులుగా అప్పగించే దాకా వచ్చింది, కొందరు కూతుళ్లు అప్పటికే వెళ్లిపోయారు. విడిపించుకుందామంటే పొలాలు వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి.

11వ వచనంలో నూరవ భాగం అనే మాట వస్తుంది, చూడండి. అది ఏడాదికో నెలకో వచనంలో లేదు, కానీ నెలకు అని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అలాగైతే మన ఊళ్ల లెక్కలో అది రూపాయి వడ్డీ. నూటికి నెలకు ఒక రూపాయి. మా వైపు రూపాయి వడ్డీకి ఇచ్చేవాణ్ణి ధర్మాత్ముడంటారు, రెండు మూడు రూపాయలు మామూలు. అంటే యెరూషలేము పెద్దలు మరీ దారుణమైన వడ్డీ వ్యాపారులేమీ కాదు. వాళ్లు చేసింది అప్పట్లో అందరూ చేసేదే. అయితే ధర్మశాస్త్రం పేద సహోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని చెప్పింది (నిర్గమ 22:25, లేవీ 25:36). లోకం లెక్కలో తప్పు లేదు, దేవుని లెక్కలో తప్పు. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

ఇప్పుడు నెహెమ్యా స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? నేనైతే అది పక్కన పెట్టేవాణ్ణి. డెడ్‌లైన్ దగ్గర పడింది, గోడ అవతల శత్రువులు ఉన్నారు, గోడ ఇవతల జనం రాత్రింబగళ్లు పని చేస్తున్నారు. ఇలాంటప్పుడు మీ వడ్డీల గొడవ గోడ అయ్యాక మాట్లాడదాం అనడమే తెలివైన మేనేజర్ మాట. నెహెమ్యా అలా అనలేదు. ఆయనకు బాగా కోపం వచ్చింది (6వ వచనం). కోపం వచ్చాక వెంటనే నోరు తెరవకుండా తనలో తాను ఆలోచించుకున్నాడు (7వ వచనం). ఆ తర్వాతే ప్రధానులను నిలదీశాడు, అది కూడా మహా సమాజం ముందు. పేదవాడు బహిరంగంగా నష్టపోయాడు కాబట్టి మాట్లాడాల్సింది కూడా బహిరంగంగానే అనుకున్నాడేమో.

కనికరం అంటే మనకు మెత్తగా మాట్లాడటం, తల నిమరడం అనిపిస్తుంది. 1వ అధ్యాయంలో ఇదే నెహెమ్యా యెరూషలేము సంగతి విని కూర్చుని ఏడ్చాడు, ఉపవాసముండి ప్రార్థించాడు. 5వ అధ్యాయంలో అదే కనికరం కోపంగా వచ్చింది. రెండూ ఒకే హృదయం లోంచి వచ్చినవే.

ఇక నన్ను ఆపేసిన వచనం

10వ వచనం. వీడియో కోసం ప్రిపేర్ అవుతూ ఇది చాలాసార్లు చదివాను. ప్రధానులను నిలదీస్తూ మధ్యలో నెహెమ్యా ఒక మాట అంటాడు. తానూ, తన బంధువులూ, తన దాసులూ కూడా ప్రజలకు డబ్బు, ధాన్యం అప్పిచ్చామని. ఆ తర్వాత, మనం ఈ వడ్డీ మానేద్దాం అంటాడు. మీరు మానేయండి అనలేదు, మనం అన్నాడు.

నెహెమ్యా కూడా వడ్డీ తీసుకున్నాడా, ఊరికే అప్పు మాత్రమే ఇచ్చాడా అని పండితుల్లో చర్చ ఉంది. నాకు అది అంత ముఖ్యం అనిపించలేదు. ఆయనకు ఆ మాట చెప్పాల్సిన అవసరమే లేదు. గవర్నరు ఆయన. లెక్కలు అడిగేవాళ్లెవరూ లేరు. తన పేరు ఎత్తకుండా మిగిలినవాళ్లను దులిపేస్తే జనం చప్పట్లు కొట్టేవాళ్లు. అయినా తనను కూడా ఆ లిస్టులో వేసుకున్నాడు.

ఇక్కడే నేను కెమెరా ముందు చెప్పలేకపోయిన విషయం.

నాకు 28 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కింద ఆరుగురి టీముకు లీడ్‌ని అయ్యాను. ఆ ఆదివారం సంఘంలో సాక్ష్యం కూడా చెప్పాను, దేవుడు నన్ను తలగా చేశాడని. టీములో అందరికంటే చిన్నవాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు. వాళ్ల నాన్న మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి అమీర్‌పేటలో కోర్సు చేయించాడు. వాడు నన్ను అన్నా అనే పిలిచేవాడు.

ఒక శుక్రవారం రాత్రి రిలీజ్ ఉంది. వాడు ఒక డేటాబేస్ స్క్రిప్ట్ రాశాడు. అందులో ఎవరి రికార్డులు మార్చాలో చెప్పే కండిషన్ లైన్ ఒకటి మర్చిపోయాడు. అది ప్రొడక్షన్‌లో రన్ అయ్యి, కొందరి అడ్రసులు మారాల్సింది అందరివీ మారిపోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చి సరిచేసేసరికి తెల్లారింది. సోమవారం క్లయింట్ కాల్. ఎలా జరిగింది అని అడిగారు. నేను జూనియర్ డెవలపర్ పొరపాటు అన్నాను. అబద్ధం కాదు. రాసింది వాడే. కానీ ఆ స్క్రిప్ట్ చూసి అప్రూవ్ చేయాల్సింది నేను. చేశాను కూడా, చూడకుండా. ఆ సాయంత్రం యూత్ మీటింగుకి టైమ్ అవుతోందని మెట్లు దిగుతూ ఫోన్లోనే ఓకే నొక్కాను. ఆ సంగతి కాల్‌లో చెప్పలేదు. వాడు కూడా అదే కాల్‌లో ఉన్నాడు, మ్యూట్‌లో.

ఆఫీసు లెక్కలో నాది తప్పు కాదు. లీడ్ వందల లైన్లు చూస్తాడు, ఒకటి జారిపోతుంది అంటారు. ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా, లోకం లెక్క వేరు, దేవుని లెక్క వేరు అని.

ఆ సంవత్సరం వాడికి రేటింగ్ తగ్గింది. పనితీరు మెరుగుపరచుకోవాలని రెండు నెలలు గడువు ఇచ్చారు. మా రంగంలో దాని అర్థం అందరికీ తెలుసు. నేను వాడి కోసం ప్రార్థన చేశాను. నిజంగానే చేశాను, మోకాళ్ల మీద. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. నేను నోరు తెరిస్తే అయ్యే పనికి దేవుణ్ణి అడుగుతూ కూర్చున్నాను.

12 ఏళ్లు తీసుకోని జీతం

కథ మిగిలింది తర్వాత చెప్తాను. ముందు 14 నుంచి 18 వచనాలు. టైమ్ చాలక వదిలేసినవి ఇవే, నిజానికి ఈ అధ్యాయానికి గుండెకాయ ఇవే.

అర్తహషస్త రాజు ఏలుబడిలో 20వ సంవత్సరం నుంచి 32వ సంవత్సరం వరకు, అంటే క్రీస్తుపూర్వం 445 నుంచి 433 దాకా, 12 ఏళ్లు నెహెమ్యా అధికారిగా ఉన్నాడు. అధికారికి జనం భోజన ఖర్చులు ఇవ్వాలి. అది లంచం కాదు, హక్కు. ముందున్న అధికారులు రొట్టె, ద్రాక్షారసం, ఇంకా 40 తులాల వెండి తీసుకున్నారు. వాళ్ల పనివాళ్లు కూడా జనం మీద పెత్తనం చేశారట (15వ వచనం). ఇది ఎంత నిజమో ఏ ఆఫీసుకి వెళ్లినా తెలుస్తుంది. కలెక్టరు గారి కంటే ఆయన గుమ్మం దగ్గర కూర్చునే మనిషికే గర్వం ఎక్కువ!

నెహెమ్యా ఆ భోజనం ముట్టలేదు. పోనీ ఖర్చు లేదా? రోజూ ఆయన బల్ల దగ్గర 150 మంది యూదులు, అధికారులు తినేవాళ్లు. చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చినవాళ్లు అదనం. రోజుకి ఒక ఎద్దు, ఆరు శ్రేష్ఠమైన గొర్రెలు, కోళ్లు. పది రోజులకొకసారి రకరకాల ద్రాక్షారసాలు. మా ఇంట్లో 150 మందికి ఒక్క పూట, నా తమ్ముడి పెళ్లి రిసెప్షన్‌లో వడ్డించాం. ఆ లెక్కలు నాన్నగారు ఇప్పటికీ చెప్తారు. ఈయన 12 ఏళ్లు పెట్టాడు.

ఎందుకు తీసుకోలేదు? రెండు కారణాలు చెప్పాడు. 15వ వచనంలో దేవుని భయం. 18వ వచనంలో, జనం మీద దాస్యం బరువుగా ఉంది కాబట్టి. ఒక కన్ను పైకి, ఒక కన్ను జనం వైపు. మనలో చాలామందికి మొదటిది ఉంటుంది. భయభక్తులు, ఉపవాసాలు, తెల్లవారుజాము ప్రార్థనలు. రెండో కన్ను మూసుకుని ఉంటుంది. నాకు అదే జరిగింది.

16వ వచనం కూడా వదలకండి. ఆయన కూడా గోడ పనిలో ఉన్నాడు, ఆయన మనుషులందరూ పనికి వచ్చారు, పొలాలు మాత్రం కొనలేదు. కరువులో పొలాలు చవగ్గా దొరుకుతాయి. డబ్బున్న గవర్నరుకి అంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? 4:23 ప్రకారం రాత్రుళ్లు బట్టలు కూడా విప్పకుండా కాపలా కాసిన వాళ్లలో ఆయన ఉన్నాడు. మా భాషలో చెప్పాలంటే, ఆన్‌కాల్ లిస్టులో గవర్నరు పేరు కూడా ఉంది.

3వ అధ్యాయం పేర్ల జాబితా అని మనం దాటేస్తాం. నేను కూడా చాలా ఏళ్లు దాటేశాను. అందులో 14వ వచనం చూడండి. మల్కీయా అని ఒకడు, బేత్హక్కెరెము ప్రదేశానికి అధిపతి. ఆయన బాగుచేసింది పెంట గుమ్మం. ఊరి చెత్తంతా బయటికి వెళ్లే గుమ్మం. ఒక ప్రాంతానికి అధిపతి ఆ గుమ్మానికి తలుపులు పెట్టి, గడియలు బిగించాడు. అదే అధ్యాయం 5వ వచనంలో తెకోవ వాళ్ల ఘనులు పనికి మెడ వంచలేదని కూడా రాసి ఉంది. ఇద్దరి సంగతీ దేవుని గ్రంథంలోకి ఎక్కింది.

అయితే నెహెమ్యా పరిపూర్ణుడని నేను అనను. 13:25లో ఆయన కొందరిని కొట్టి, తలవెంట్రుకలు పెరికాడు. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే మన చూపు నెహెమ్యా దగ్గర ఆగకూడదు.

యోహాను 13 మీ అందరికీ తెలుసు. మనవైపు ఇంటికి వచ్చినవాళ్లకు గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లిస్తాం, కాళ్లు వాళ్లే కడుక్కుంటారు. మనమే కడిగే సందర్భం తెలుగు పెళ్లిళ్లలో ఉంది, మామగారు అల్లుడి కాళ్లు కడుగుతారు. అది పెద్దపీట వేసినవాడికి చేసే మర్యాద. పై గదిలో పెద్దపీట ఎవరిది? ప్రభువుది. ఆయనే లేచి, పైవస్త్రం తీసి, తువాలు కట్టుకున్నాడు. అందుకే పేతురుకి మింగుడు పడలేదు. ఇంకో సంగతి, యూదా బయటికి వెళ్లింది 30వ వచనంలో. కాళ్లు కడగడం అంతకు ముందే అయిపోయింది. అంటే ఆ పళ్లెంలో యూదా కాళ్లు కూడా ఉన్నాయి. తనను అప్పగించబోయేవాడి కాళ్లు ఆయన కడిగాడు. నేనేమో నన్ను అన్నా అని పిలిచినవాణ్ణి అప్పగించాను.

మన తెలుగు నేల మీద ఇలాంటి బల్ల ఉందా అని ఆలోచిస్తే నాకు డోర్నకల్ గుర్తొస్తుంది. విజయవాడ వెళ్లే రైల్లో ఆ జంక్షన్ దాటుతాం, చాలామందికి అది భద్రాచలం రోడ్ వైపు లైన్ చీలే చోటు మాత్రమే. 1909లో అక్కడికి తిరునెల్వేలి నుంచి వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు వచ్చారు. తమిళుడు, తెలుగు రాదు. పెద్దయ్యాక నేర్చుకున్నారు. తెలుగు నేర్చుకునే తమిళుల బాధ మా ఆఫీసులో రోజూ చూస్తాను, తేలిక కాదు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ మాట్లాడే అవకాశం వచ్చింది. మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, మాకు పైనుంచి మేలు చేసేవాళ్లు చాలరు, మాతో కలిసి ఉండే స్నేహితులు కావాలి అన్న భావంతో మాట్లాడారు. ఆ సభలో కొందరికి అది నచ్చలేదు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. బిషప్పు అయ్యాక కూడా డోర్నకల్ వదల్లేదు. ఊరి చివర దళిత పేటలకు ఎడ్లబండి మీద తిరిగారు. 1945 జనవరి 1న డోర్నకల్లోనే కన్నుమూశారు. ఆయన అడిగింది నెహెమ్యా బల్ల లాంటిదే అని నాకు అనిపిస్తుంది. ధర్మం చేసేవాడు ఆకు అందించి వెళ్లిపోతాడు, స్నేహితుడు పక్కన కూర్చుని తింటాడు.

కొంచెం చేదు మాట కూడా చెప్పనివ్వండి. మన సంఘాల్లో వేదిక మీద ఒక కుర్చీ మిగతావాటికంటే ఎత్తుగా, ఎర్రటి మఖమల్‌తో ఉంటుంది. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, మా యూత్‌లో కూడా అంతే. మైకు పట్టుకోవడానికి నలుగురు పోటీ పడతాం, మీటింగ్ అయ్యాక కుర్చీలు మడిచి లోపల పెట్టడానికి ఎప్పుడూ ఆ ఇద్దరే.

ఇక నా కథ. 10వ వచనం చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మేనేజరు గారి దగ్గరికి వెళ్లి, ఆ స్క్రిప్ట్ అప్రూవ్ చేసింది నేనే, చూడకుండా చేశాను, అది కాల్‌లో దాచాను అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఇప్పుడెందుకు చెప్తున్నావు అన్నారు. జవాబు నా దగ్గర లేదు. మెయిల్‌లో రాసి పంపమన్నారు, పంపాను. ఆ ఏడాది నాకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. అది సాక్ష్యంగా చెప్పడం లేదు, న్యాయంగా రావాల్సిన ఫలితమే అది.

తమ్ముడి రికార్డులోని మాట మార్చారు. కానీ అప్పటికే వాడు రిజైన్ చేసి నోటీసు పీరియడ్‌లో ఉన్నాడు. చివరి రోజు ఆఫీసు ఎదురుగా బండి దగ్గర టీ తాగాం. నేను క్షమించమని అడిగాను. వాడు గ్లాసు వైపే చూస్తూ అన్నాడు, "తప్పు నాదే కదన్నా, తిట్టినా బాధ పడేవాణ్ణి కాదు. ఆ రోజు కాల్‌లో నువ్వొక్క మాట అంటావేమోనని చూశా."

ఇద్దరం టీ డబ్బులు ఇవ్వబోయాం. వాడే ఇచ్చాడు.

ఇప్పుడు వాడు వేరే కంపెనీలో ఉన్నాడు. పండగలకు మెసేజ్ పెడితే రిప్లై ఇస్తాడు, తనంతట తాను పెట్టడు. నేను తొందర పెట్టడం లేదు. ఈ పోస్టు పెట్టే ముందు వాడికి పంపి చదవమన్నాను. మూడు రోజుల తర్వాత, పెట్టుకో అన్నా, ఊరి పేరు తీసెయ్ అన్నాడు. తీసేశాను.

నాతో కలిసి ప్రార్థించండి.

ప్రభువా, మా కింద పనిచేసేవాళ్ల ఇళ్లలో ఏముందో మాకు తెలియదు, మీకు తెలుసు. మేము చూడకుండా సంతకం పెట్టినవి, దాటేసినవి మాకు గుర్తు చేయండి. ఎవరి దగ్గరికి వెళ్లి మాట్లాడాలో ఆ పేరు ఇప్పుడే మా మనసులోకి తెండి. ఆ తమ్ముడి ఇంటి అప్పు తీరేలా, వాళ్ల నాన్నగారి ఆరోగ్యం బాగుండేలా కనికరించండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.

వచ్చే వారం 6వ అధ్యాయం చూద్దాం. ఓనో మైదానానికి రమ్మని సన్బల్లటు నాలుగుసార్లు కబురు పెట్టిన సంగతి. ముందుగా చదివి రండి.